పండబెట్టొద్దనే మాట

ఎమ్మిగనూరు, 1984 ఆషాఢం. ఆ పొద్దున ఆకాశమంతా మోడం పట్టి, కాసేపు ఉరిమి, చినుకు రాల్చకుండానే తేలిపోయింది. నేతగాడు మాదన్న మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసుకుని, వెనక దుప్పట్ల మూటకు ఆనుకొని ఉన్నాడు. ఆస్పరి నుంచి బస్సులో వచ్చిన అక్క హనుమక్క ఎదురుగా గోడవార కూర్చుంది. భార్య రంగమ్మ వంటింట్లో ఉంది.

"మోడం నిన్ను సూసే నేర్సుకున్నట్లుండాది అక్కా. మొగం నల్లగ పెడతాది, ఉరుముతాది, ఒక్క సినుకు ఇయ్యకుండ పోతాది."

"బస్సు దిగి గుక్కెడు నీళ్ళు తాగలే, అప్పుడే పట్టుకుంటివి గదరా మాదా."

"ఒక్క మాట ఇయ్యి. ఇచ్చి, బాయెడు నీళ్ళు తాగు. నేను వద్దంటానా?"

"ఏం మాట?"

"ఏం మాట అంట! పోయిన తూరి వచ్చినప్పుడూ అడిగితి, కబురు పంపీ అడిగితి. నా పానం పోయేటప్పుడు నన్ను నేల మీద పండబెట్టను, ఎవురినీ పండబెట్టనీను అని సెప్పు. అంతే."

"అప్పుడు సూద్దాంలే."

"అప్పుడు అడగనీకి నాకు ఊపిరుండాల గదక్కా? ఊపిరున్నప్పుడే అడుగుతాండా."

"నోరు మూసుకుంటే ఊపిరి ఇంగా మిగులుతాది."

"ఇంద వదినా, నీళ్ళు."

"సగం సాలు రంగమ్మా. సెంబు నిండ ఎందుకు?"

"ఆస్పరి నుంచి నిలబడి వచ్చినావు, సగమేనా?"

"సాలు సాలు. తీసుకపో."

"ఏమ్మే, నీళ్ళు తర్వాత ఇయ్యి. అక్క మాట మారుస్తాంది, నువ్వు అడ్డం రావద్దు. అక్కా, ఎండాకాలంలో సేసిన పని మరిసిపోయినావేమో. నేను మరవలే."

"మల్ల మొదలుపెట్టె."

"నాకు ఆయాసం ఎక్కువై కండ్లు తేలేస్తే, 'మంచం మీద నుంచి దించండ్రా' అని కేక పెట్టింది ఎవురు?"

"నేనే."

"పక్కింటి లక్ష్మప్పను పిలిపిచ్చింది?"

"నేనేలేరా."

"నన్ను ఎల్లకిల పరిసి, నోట్లో తుంగభద్ర నీళ్ళు పోసింది?"

"తులసాకు ఏసి పోసినా. ఉత్తవి పొయ్యలే."

"ఆ ఆకే అడ్డం పడె గొంతులో! ఆయాసానికి సావకపోతే ఆకుకు సచ్చేటోన్ని."

"మల్ల ఏం సెయ్యమంటావురా? మంచం మీద పానం పోతే ఆ మంచాన్ని మోసుకుంటా తిరగాల్నంట. నాయన సెప్పేది నువ్వు ఇనలేదా? మన నాయనను దించినారు, అమ్మను దించినారు. అందర్నీ దించినారు. నిన్నొక్కన్నే అట్ల ఇడిసిపెడితే, రేపు ఆడ అమ్మ ఎదురొచ్చి నన్నడగదా?"

"మా మంచం ఏం బరువక్కా? నులకంతా తెగిపోయింది. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు. మోస్తాలే."

"ఆ నులక బిగియ్యమని నేను ఎన్నేండ్లుగా మొత్తుకుంటాండా వదినా!"

"సూస్తివా అక్కా? నేను బిగియ్యలే. మోసేటప్పుడు బరువు తగ్గుతాదని. నీ మరదలికి ముందుసూపు లేదు."

"నగొద్దురా, నగితే నీకు దగ్గొస్తాది."

"వచ్చినా కూర్సొనుండా గదా, పోతాది. అదే పండబెడితే, పోదు. డాక్టరు సెప్పినాడు. ఆ పొద్దు ఇది నన్ను రెక్క పట్టి లాగి కూర్సోబెట్టకపోయింటే, ఈ పొద్దు నువ్వు నా ఫోటోకు కుంకుమ పెడతాంటివి."

"నీకు ఫోటో యాడుందిరా?"

"అదీ నిజమే. దానికోసమన్నా కొన్నాళ్ళుండాల."

"లాగితి వదినా. 'వద్దు వద్దు, పండబెడితే ఊపిరాడదు' అని నేను మొత్తుకుంటాంటే, లక్ష్మప్ప మామ ఏమన్యాడు? 'ఆడది భయపడింది, పక్కకు లాగండి' అనె. నా మాట ఎవురింటారు? నువ్వు ఇంటి ఆడబిడ్డవు, పెద్దదానివి. నువ్వు 'దించండి' అంటే దించినారు. నువ్వు 'కూర్సోబెట్టండి' అంటే కూర్సోబెడతారు. అందుకే ఈయప్ప నిన్ను పట్టుకోని పీక్కతింటాండేది."

"లక్ష్మప్పది గూడ తప్పు లేదులే రంగమ్మా. వాడూ భయపడినాడు."

"భయపడినోడు బొంగులు ఎట్ల తెప్పిచ్చినాడక్కా? నేను ఇంగా సావనే లేదు, పాడెకు బొంగులు తెచ్చి గోడకు నిలబెట్టె. నేను కండ్లు తెరిసి సూస్తి గదా, మొదట కనపడింది అవే. ఎంత బాగ ఏరినాడో! ఒక్కటీ వంకర లేదు."

"అవేం సేసినారు మల్ల?"

"నీ మరదల్నే అడుగు."

"పెరట్లో బీరతీగకు పందిరేసినా వదినా. ఇంట్లో పెట్టుకోకూడదంటిరి, పారేయనీకి మనసు రాలే."

"నా పాడె మీద బీరకాయలు కాస్తాండాయి అక్కా. ఎవురికుంటాది అంత భాగ్యం?"

"ఛీ! తినే కాయల మీద ఏం మాట్రా అది?"

"కాయలేమో లేతగుండాయిలే వదినా. పోయేటప్పుడు రెండు కోసిస్తా."

"మీ ఇద్దరికీ పిచ్చి పట్టింది. ... సరే గానీ, ఆదోని డాక్టరు ఏమనె? మొదటి నుంచి సెప్పు."

"అక్క మాట మార్సె."

"మార్సలే. అడుగుతాండా. సెప్పురా."

"ఏముంది? రొమ్ము మీద గొట్టం పెట్టి ఇన్యాడు. 'మాదన్నా, నీ గుండె పాతబడిన మోటరు మాదిరయ్యా' అనె. నీళ్ళు ఎత్తలేదంట. ఎత్తకపోతే అవి యాడికి పోతాయి? కాళ్ళల్లో నిలబడతాయి. పండుకుంటే అవన్నీ ఎనక్కి వచ్చి రొమ్ములో నిండుతాయి. అందుకు ఆయాసం."

"మోటరు బాగు సెయ్యనీకి కాదంట్నా?"

"అదే అడిగితి. కొత్త మోటరు యాడన్నా దొరుకుతాదా సారూ అంటి. నగినాడు పాపం. మంచోడు. నగి, కండ్లద్దాలు తుడుసుకున్యాడు."

"నన్ను బయటికి పిలిచి సెప్పినాడు వదినా. 'ఇంగ కర్నూలు, బళ్ళారి అని యాడికీ తిప్పొద్దమ్మా. బాగు సేసే మందు లేదు. ఉన్నన్నాళ్ళు ఊపిరి సులువుగ ఆడేట్ల, భయం లేకుండ ఉండేట్ల సూసుకోవాల. అది గూడ వైద్యమే. అది నేనూ సేస్తా, నువ్వూ సెయ్యి' అనె."

"బయటికి పిలిచి సెప్పినాడంటక్కా! ఆ గదికి తలుపే లేదు, గుడ్డ కట్టినారు. నేను నేసే జనతా ధోవతి గూడ దానికంటే మందం. అంతా ఇనపడె నాకు. ఇది బయట ఏడ్సి, మొగం తుడుసుకోని లోపలికొచ్చి, 'బాగైపోతాదన్యాడు' అనె."

"నువ్వేమంటివి?"

"'అవునే, నాకూ ఇనపడింది' అంటి. బస్సులో ఇద్దరం ఎమ్మిగనూరు దాకా బాగైపోతా వచ్చినాం."

"నీకు అన్నీ ఎగతాళే."

"మల్ల ఏడుద్దునా? ఏడిస్తే ముక్కు మూసుకపోతాది, ఉండే ఊపిరి గూడ పోతాది."

"ఆ కాళ్ళ నీళ్ళకు ఏమిచ్చినాడు?"

"నీళ్ళమాత్ర అని తెల్లది. పొద్దున్నే ఏసుకుంటే పొద్దు తిరిగేదాకా పెరట్లోనే కాపురం."

"ఎన్ని తూర్లు పోతావు?"

"అక్కా!"

"సెప్పరా, సిగ్గేంది? సిన్నప్పుడు నీ గుడ్డలు ఉతికిందాన్ని."

"అప్పుడు లెక్క పెట్టినావా? ఇప్పుడెందుకు?"

"పోతే కాళ్ళు తగ్గుతాయా?"

"తగ్గుతాయి. మల్ల వస్తాయి. ఉప్పు తింటే తొందరగ వస్తాయి. అందుకే నీ మరదలు ఉప్పు మానిపిచ్చింది. దాని వంటకు ఇప్పుడే రుసి వచ్చింది గానీ, అంతకుముందు పప్పులో తుంగభద్ర కాదు, సముద్రం పోసేది."

"ఇనపడతాంది నాకు! ఈ పొద్దు కూడు నువ్వే వండుకో."

"ఇనపడాలనే సెప్తి. అక్కా, నీకు ఉప్పేసి పప్పు ఏరుగ తీస్తాది, దిగులు పడొద్దు."

"నాకూ ఉప్పు లేనిదే పెట్టు రంగమ్మా."

"ఎందుకు వదినా?"

"వాడు సప్పిడి తింటాంటే నేను ఉప్పుతో తినేదా? గొంతు దిగుతాదా? ... మాదా, ఆయాసం ఎప్పుడెప్పుడు వస్తాది?"

"అక్క మందుల సదువు సదవనీకి వచ్చినట్లుండాదే. మందులంగడి పెడతావా ఆస్పరిలో?"

"సెప్పు."

"పండుకున్న సేపటికే. ఎవురో నూలు మూట తెచ్చి రొమ్ము మీద పెట్టినట్ల. లేసి కూర్సుంటే ఎత్తేసినట్ల."

"లేసినాక గాలి కోసం కిటికీ కాడికి పోవాలనిపిస్తాది."

"ఆ. అవును."

"సన్నగ దగ్గు. నోట్లో నురుగు."

"అవునక్కా. నీకెట్ల తెలిసె?"

"... అనుకుంటి. ఏదీ కాలు పైకి పెట్టు. సూస్తా."

"ఒత్తు ఒత్తు. వేలు పెడితే గుంత పడతాది. ఊర్లో పిల్లోళ్ళంతా ఒత్తి సూసిపోయినారు. జాతరలో బొమ్మ మాదిరి అయిపోతి."

"ఎంతసేపటికి పూడుతాది?"

"ఒక కండె నూలు సుట్టేంత సేపుంటాది. ఇంగ సాలక్కా, రెండో కాలు గూడ ఎందుకు?"

"ఇది దాని కంటే ఎక్కువుండాది."

"వదినా, నీ కాలి కడేలు యాడబోయె?"

"పెట్టెలో పెట్టినా."

"పెండ్లిలో ఏసినవి. కానుపులప్పుడు గూడ తియ్యలేదంటివి."

"బస్సులో దొంగల భయం రంగమ్మా."

"ఆ కడేలా? దొంగ నీ కాలు కోసుకపోవాల అక్కా అవి కావాలంటే. అంత పాటు పడే దొంగ ఆస్పరిలో యాడున్యాడు?"

"నువ్వు వాగొద్దు. రంగమ్మా, పొయ్యి మీద ఏందో మాడుతాంది సూడుపో."

"ఏమీ మాడలేదు వదినా."

"పో మే. అక్క పొమ్మంటే పో. మా ఇద్దరి మాట ఇంగా అయిపోలే. అక్కా, నేలంటే నీకు పట్టు గదా? నేల తగలకుండ పోకూడదంటావు."

"నేనేంది, అందరూ అనేదే."

"మల్ల నేను ఇప్పుడు యాడ కూర్సొనుండా? సూడు. పిర్రలు నేల మీద. కాళ్ళు గుంతలో, నేల లోపల. పండుకున్నోడు నేల మీదనే ఉంటాడు, నేను మోకాళ్ళ దాకా లోపలికి పోయుండా. మన నాయనకంటే, మన అమ్మకంటే నేనే ఎక్కువ దిగినా. ఇంగేం దించుతావు నన్ను?"

"... ఓరి వీని పాసుగాల!"

"నగితివి! నగితే ఒప్పుకున్నట్లే."

"ఒప్పుకోలే. నగువొచ్చె, నగితి."

"మగ్గం ఎట్లా నేసేది లేదు. డాక్టరు గూడ ఇట్ల కాళ్ళు దించుకోని కూర్సుంటే మంచిదే అన్యాడు. రాత్రి గూడ ఈడనే. ముందర గుడ్డ సుట్టే మాను మీద దుప్పటి మడిసి పెడతాది ఇది, దాని మీద తల వాల్సి నిద్రపోతా. పుట్టినప్పటి నుంచి ఈ గుంతలో కూర్సోనే బతికితి. ఈన్నే కూర్సోని పోతా. పోయినాక మీ ఇష్టం, పండబెట్టుకోండి, నిలబెట్టుకోండి. లింగాయతోళ్ళు సచ్చినోన్ని గూడ కూర్సోబెట్టే పూడుస్తారు గదా? బతికినోన్ని కూర్సోబెట్టనీకి నీకేం నొప్పక్కా?"

"నేల తగిలినట్లేనా ఇది? నిజంగ?"

"అనుమానముంటే నువ్వూ దిగి కూర్సోని సూడు."

"... మల్ల, మగ్గం లేనోళ్ళు ఏం సెయ్యాలరా?"

"ఏంది?"

"మగ్గం మానేసి సేద్యం పట్టినోళ్ళు. మా మాదిరి. వాళ్ళ ఇండ్లల్లో గుంత యాడుంటాది?"

"జొన్నల పాతరుంటాది గదక్కా. దాంట్లో దిగి కూర్సోమను. గాలి రాకపోయినా జొన్నలన్నా తినొచ్చు. నగలేదేంది? దీనికి నగాల గదా."

"బాగుంది. నగినానుకో."

"వదినా, మొగం పీక్కపోయుండాది. సాప ఏస్తా, కూడు అయ్యేలోపల సేపు ఒరుగు."

"వద్దు."

"ఊరికే, నడుము వాల్సు."

"వద్దంటి గదా రంగమ్మా."

"వాల్సదే అది. నా కోసం వచ్చింది. యముని దున్నపోతు ఎట్ల కాపలా కాస్తాదో అట్ల కాస్తాది. పోయిన తూరి గూడ నాలుగు దినాలూ ఈ గోడకే ఆనుకోని కూర్సున్యాది. నేను అనుకుంటి, ఎంత పేమ మా అక్కకు అని."

"పోయిన తూరి నేనూ అట్లనే అనుకుంటి. వదినా, ఆ సీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తు."

"ఏందే ఇది?"

"ఎత్తు."

"ఆడబిడ్డ సీర లాగుతావా? ఏమిరా మాదా, నీ పెండ్లాన్ని సూస్తాండావా?"

"సూస్తాండా. ఏమ్మే, ఏమైంది నీకు?"

"పాదాలు సూపు వదినా. నేను ఒక్కతూరి ఒత్తి సూస్తా. అంతే."

"... ఇడిసిపెట్టు రంగమ్మా."

"అయ్యో."

"ఏంది? ఏమ్మే, ఏంది?"

"గుంత పడింది. నీ కాళ్ళ మాదిరే. సూడు, పూడలేదు ఇంగా."

"అక్కా? మాట్లాడు. ఎప్పటి నుంచి?"

"ఉగాదికి ముందు నుంచి. పండుకోలేను. ఇంట్లో నిట్టాడి గుంజకు ఆనుకోని కూర్సుంటా. మీ బావకు ఉబ్బసం అని సెప్పినా. నేను గూడ అదే అనుకుంటిరా, పిల్లోళ్ళ సాచ్చిగా. ముసలితనం, దుమ్ము, పొయ్యి పొగ అనుకుంటి."

"మల్ల ఎప్పుడు తెలిసె?"

"ఎండాకాలంలో. నిన్ను దించండి అన్యానే, ఆ పొద్దు. నువ్వు నేల మీద నోరు తెరుసుకోని, సేతుల్తో గాలిని లాక్కుంటాంటివి. నీ మొగం సూసి, ఇదే గదా నాకు తెల్లారుజామున వచ్చేది అనుకుంటి. నిన్ను పండబెట్టి నా సావు ఎట్లుంటాదో సూస్తి మాదా. అప్పటి నుంచి మా ఊర్లో ఎవురినన్నా దించినారంటే సాలు, నాకు ఊపిరి ఎగబోస్తాది."

"వదినా, ఏడవొద్దు. ఏడిస్తే ఊపిరి..."

"తెలుసు తెలుసు. ముక్కు మూసుకపోతాది. వాడు సెప్పినాడు గదా."

"ఏమక్కా, సిన్నప్పుడు అమ్మ నాకు ఏం పెట్టినా దాంట్లో సగం నీకు కావాల. బెల్లంగడ్డ ఇచ్చినా సగం, రొట్టె ఇచ్చినా సగం. ముసలోళ్ళమైనాక ఒక జబ్బు నాకొక్కనికే వచ్చిందిలే అనుకుంటి. దాంట్లో గూడ పాలుకు వస్తివా?"

"పాలు కాదురా. పెద్దదాన్ని. అంతా నాదే."

"కాదు. డాక్టరు నాకు ముందు సెప్పినాడు. నాదే ముందు."

"నీకంటే నాలుగేండ్లు ముందు పుట్టినా. నాదే ముందు."

"ఇద్దరూ నోరు మూసుకోండి! పెండ్లి పంక్తిలో ముందు కూర్సోనీకి కొట్టుకున్నట్ల కొట్టుకుంటాండారు. వదినా, రేపు పొద్దున్నే ఆదోనికి పోదాం. నేను తోడొస్తా. నీళ్ళమాత్ర ఇస్తాడు, కాళ్ళు తగ్గుతాయి, ఊపిరి సులువైతాది."

"పోదాం రంగమ్మా. దానికే గదా అన్నీ అడిగి తెలుసుకుంటాండేది."

"ఇంగైనా నాకు మాటిస్తావా అక్కా? ఎట్లుంటాదో నీకే తెలిసె గదా."

"ఎప్పుడో ఇచ్చినారా. బస్సు ఎక్కేటప్పుడే ఇచ్చినా. నిన్ను ఎవురూ పండబెట్టరు. లక్ష్మప్ప కాదు, లక్ష్మప్ప నాయన దిగి వచ్చినా పండబెట్టనీను. నేను నీ ఎనకాల కూర్సుంటా. సాలునా?"

"సాలు. మల్ల ఇంతసేపు ఎందుకు సతాయిస్తివి?"

"ఆ మాట అయిపోతే నాది అడగాల్సి వస్తాది గదరా. దానికి నోరు రాలే."

"ఏంది నీది?"

"మీ బావ నేమాల మనిషి. కొడుకులు ఆయన గీసిన గీత దాటరు. నా గొంతులో గురక ఇనపడంగానే నలుగురూ పట్టుకోని దించుతారు, పేమతోనే దించుతారు. నేను వద్దనలేను, ఊపిరుండదు. ఆ ఇంట్లో వద్దనేటోళ్ళు ఎవురూ లేరు. నేను ఈడికి మాటియ్యనీకి రాలేదు మాదా. మాట అడగనీకి వచ్చినా."

"నేను సెప్తాలే అక్కా బావకు..."

"నిన్ను కాదు. నువ్వుంటావో ఉండవో. రంగమ్మా, నిన్నడుగుతాండా. కబురంపిస్తే వస్తావా? వచ్చి నన్ను కూర్సోబెడతావా?"

"రాను."

"... రావా?"

"ఎట్ల వస్తా వదినా? ఆ యాళకు కబురు నా కాడికి వచ్చేది ఎప్పుడు, నేను బస్సు పట్టేది ఎప్పుడు? నేనొచ్చే సరికి నిన్ను దించేసింటారు. నేను రాను. నువ్వే పోవద్దు."

"పోకుండ?"

"ఈడనే ఉండు."

"మా ఆయన ఒప్పుకుంటాడంటావా? కాపురం ఇడిసిపెట్టి, పుట్టింట్లో, ఈ వయసులో? జబ్బని తెలిస్తే అసలుకే ఇడవడు. 'నా ఇంట్లోనే పోవాల' అంటాడు."

"నీకు జబ్బని ఎవురికి సెప్తాం? తమ్మునికి బాగలేదు, ఆడబిడ్డ సేవ సెయ్యనీకి ఉండిపోయింది అంటాం. ఎవురన్నా కాదంటారా? లక్ష్మప్ప మామతోనే సెప్పిపిస్తా మీ ఆయనకు. ఊరంతా నిన్ను మెచ్చుకుంటాది గూడ."

"అట్లయితే... వీడు ఉన్నన్నాళ్ళు ఉండొచ్చు."

"ఆ. ఈయప్ప ఉన్నన్నాళ్ళు."

"అక్కా."

"ఏందిరా?"

"ఇన్నాళ్ళు ఎప్పుడు పోతే ఏముందిలే అనుకుంటాంటి. అట్లయితే నేను తొందరపడి సావకూడదు గదా ఇంగ."

రంగమ్మ మూడు పళ్ళాల్లో సంకటి ముద్దలు, ఉప్పు లేని పప్పు పెట్టి తెచ్చి మగ్గం ఒడ్డున ఉంచింది. హనుమక్క జరిగి తమ్ముడి పక్కకు వచ్చింది. ముగ్గురూ అక్కడే కూర్చుని తిన్నారు.